లోపల కారుంది

మా ఆయన డార్విన్ పకెట్ వారంలో ఐదు రోజులు జనం సెప్టిక్ ట్యాంకులు తోడతాడు. శనివారం టకర్ గ్యాప్ ట్రాక్ మీద రేసు కారు తోలతాడు. ఆదివారం చర్చిలో నిద్రపోతాడు. మూడు చోట్లా ఒకటే మొహం. కారు తలుపు మీద ఆయన నంబరు ఎంత ఉంటుందో అంత పెద్ద అక్షరాలతో "పకెట్ సెప్టిక్: మీ కష్టమే మా బతుకు" అని రాయించాడు. ఆ మాట తనకే తట్టిందని ఇప్పటికీ పొంగిపోతుంటాడు. పెళ్ళికి ముందు నేను బ్యాంకులో పనిచేసేదాన్ని, అది ఎవరికీ గుర్తులేదు.

రేసు రోజు నా చోటు ప్రేక్షకుల గ్యాలరీ పైకప్పు. ఒక్కో డ్రైవరు తాలూకు మనిషి ఒక్కొక్కరం అక్కడ వరసగా నిలబడి, చెవులకి రేడియోలు తగిలించుకుని, కింద తిరిగేవాళ్ళకి కళ్ళుగా ఉంటాం. కారులో కూర్చున్నవాడికి తల తిప్పే వీలుండదు. హెల్మెట్టూ పట్టీలూ అటుంచి సీటుకే రెండు రెక్కలుంటాయి, బుర్రని అటూ ఇటూ పట్టుకోడానికి. అద్దంలో వెనక వచ్చేవాడు కనిపిస్తాడు గానీ తలుపు పక్కకి చేరినవాడు కనపడడు. వాణ్ణి చూసి చెప్పేది నేను. మా ట్రాక్ గుండ్రంగా తిరుగుతుంది, గోడ ఉన్న బయటి అంచు ఎత్తు, ఎడమ పక్క లోపలి అంచు పల్లం. "లోపల ఉంది" అన్నానంటే ఎడమ పక్క కారుంది, కిందికి దిగకు అని. "ఖాళీ" అన్నానంటే దిగు అని. ఈ పనిలో ఎంతైనా వాగొచ్చు, బూతులు తిట్టొచ్చు, నాలా మధ్యలో వేయించిన బొలోనా మాంసం శాండ్‌విచ్ నములుతూ కూడా మాట్లాడొచ్చు. అబద్ధం మాత్రం ఆడకూడదు. ఆడితే మనుషులు పోతారు.

ఇంట్లో డార్విన్ నా మాట ఒక్కటి విని చావడు. బూట్లు బయట విప్పమంటే వినడు, డాక్టరు దగ్గరికి వెళ్ళమంటే వినడు. ట్రాక్ మీద మాత్రం ఇరవై ఆరేళ్ళలో ఒక్కసారి కూడా నాకు ఎదురు చెప్పలేదు. నేను ఉందంటే ఉంది, ఖాళీ అంటే ఖాళీ. నా కాపురం నిలబడింది ఆ రెండు మాటల మీదేనని నాకెప్పుడూ అనుమానమే.

ఆ ఇరవై ఆరేళ్ళలో ఆయన రేసులు చాలా గెలిచాడు గానీ ఏడాది చివర ఇచ్చే ఛాంపియన్ కప్పు ఒక్కసారీ కొట్టలేదు. ఓసారి చేతికందింది అనుకుంటుండగా ఆఖరి రౌండులో ఇంజను పేలింది. ఇంకోసారి ట్రాక్ అధికారి మొహాన మిరపకాయల సాస్ పోసిన హాట్‌డాగ్ విసిరాడని మూడు వారాలు రానివ్వలేదు. పోయిన ఏడాది మోకాలు ఆపరేషన్ అయ్యాక, "ఇంకొక్క ఏడాది చూస్తా వాండా, తర్వాత మానేస్తా" అన్నాడు. ఆయన మానేస్తానంటే నవ్వొస్తుంది. ఈసారి నవ్వు రాలేదు. పొద్దున్నే మంచం దిగడానికి ఆ మనిషి పడే పాట్లు చూస్తున్నాగా.

ఆఖరి రేసు నాటికి కోయ్ స్లేట్ అనే మహానుభావుడు పాయింట్లలో కాస్త ముందున్నాడు. కోయ్ పళ్ళు తెల్లగా ఉంటాయి, కారు తెల్లగా ఉంటుంది, మనసు సంగతి నన్నడక్కండి. లెక్క చాలా తేలిక. కప్పు కావాలంటే డార్విన్ కోయ్ కంటే రెండు స్థానాలు ముందు రావాలి. ఒక్క స్థానం చాలదు.

శనివారం వాన కురిసి రేసు ఆదివారం మధ్యాహ్నానికి మారింది. చర్చి ఎగ్గొట్టాం. పాస్టరు గారూ ఎగ్గొట్టారు. కార్లు ఆపి సరిచేసుకునే పిట్ లేన్‌లో మైకు పట్టుకుని ప్రార్థన చేయడానికి ట్రాక్‌కే వచ్చేశారు. అందరినీ కాపాడమన్నారు, ముగించి దిగేటప్పుడు మా ఆయన్ని పక్కకి పిలిచి, చర్చి ట్యాంకు పొంగేలా ఉంది, సోమవారం రాగలవా అని అడిగారు.

ఇక్కడ మా అమ్మాయి సంగతి చెప్పాలి. రేలిన్‌కి ఇరవై రెండేళ్ళు. తండ్రి పాత కారు మూడేళ్ళ నుంచి అదే తోలుతోంది. ఒక్క గెలుపూ లేదు. మే నెలలో మూడో మలుపులో గోడకి కొట్టుకుని మెడ కింది ఎముక విరిగింది. ఆ చప్పుడు నాకు పైకప్పు మీదికి వినిపించింది. ఆ మలుపు దగ్గర ఎవరి కారు జారినా ఇప్పటికీ ముందు రేలిన్ కారెక్కడుందో వెతుక్కుంటాను. రేలిన్‌కి రేడియోలో చెప్పేవాడు దాని కాబోయే మొగుడే. ఆ బుధవారం ఇద్దరూ ఏదో వాదులాడుకుని, ఇది వాడి ఉంగరం వాడి పికప్ ట్రక్కు పెట్రోలు ట్యాంకులో పడేసింది. వాడిక రాడు. దాంతో ఆ రోజు నాకు రెండు రేడియోలు. ఎడమ చెవిలో మొగుడు, కుడి చెవిలో కూతురు. రెండు బొత్తాలు నడుముకి చెరో పక్క.

నూట యాభై రౌండ్ల రేసు. నూట నలభై దాకా ఎవరెవరు ఎవరిని తిట్టారో చెప్పుకుంటూ పోతే తెల్లారిపోతుంది. పది రౌండ్లున్నాయనగా ముందు రేలిన్, దాని వెనకే డార్విన్, టైర్లు అరిగిపోయి చాలా వెనక మూడో వాడిగా కోయ్. అంటే మా ఆయనకీ కప్పుకీ మధ్య ఉన్నది మా పిల్ల ఒక్కతే.

పిట్ లేన్ నుంచి మా మరిది ఆర్విల్ రేడియోలో గుక్కతిప్పుకోకుండా అరిచాడు. "వదినా! పిల్లకి చెప్పు తప్పుకోమని! ఏం చూస్తున్నావక్కడ?"

అందులో తప్పేం లేదు. ఇక్కడ అందరూ చేసేదే. ఇంట్లో ఒకరికి కప్పు అవసరమైతే రెండోవాళ్ళు దారిస్తారు, ఎవరూ ఏమనుకోరు. నా వేలు రేలిన్ బొత్తం మీదికి వెళ్ళింది కూడా.

"దానికేం చెప్పొద్దు వాండా," అన్నాడు డార్విన్. "అది తప్పుకుంటే వచ్చే కప్పు నాకొద్దు. నేనే జరుపుతా."

జరపడమంటే ఏంటో టకర్ గ్యాప్‌లో పసిపిల్లలకి కూడా తెలుసు. మలుపు మొదట్లో ముందున్న కారు తోకకి మన మూతి తాకిస్తాం. అది పైకి జారుతుంది, మనం కింది నుంచి వెళ్ళిపోతాం. డార్విన్ లెక్కలో మొదటి దెబ్బ నోటీసు, రెండోది ఇల్లు ఖాళీ చేయించడం. ఆర్విల్‌ని, సొంత తమ్ముణ్ణి, వాడి పెళ్ళి రోజున జరిపాడు. పెళ్ళికొడుకు చేతికి కట్టుతో వేదిక ఎక్కాడు, ఆ తర్వాత మళ్ళీ స్టీరింగు ముట్టలేదు. "ట్రాక్ మీద నాకు చుట్టాలు లేరు" అని ఆయన గొప్పగా చెప్పుకుంటాడు. నిజమే, లేరు.

రెండు రౌండ్లున్నాయనగా నోటీసు ఇచ్చాడు. రేలిన్ కారు తోక ఊగింది, పైకి జారబోయి నిలదొక్కుకుంది. నా శాండ్‌విచ్ ఎక్కడ పడిపోయిందో తెలీదు.

"అమ్మా, నాన్నేనా అది?"

"నాన్నే."

"ముసలాయన్ని ఒళ్ళు దగ్గర పెట్టుకోమను!" అని నవ్వింది. నా చెవిలో, అంత వేగంలో, పగలబడి నవ్వింది. నా పిల్ల అలా నవ్వి ఎన్నాళ్ళయిందో.

ఆఖరి రౌండు. వెనక తిన్నటి దారి అయిపోయి మూడో మలుపు వస్తోంది. రేలిన్ ఓ పిసరు పైకి వెళ్ళింది. లోపల సందు దొరికింది. అందులో సగం కారు పడుతుంది. మిగతా సగం పిల్ల జరిగి ఇవ్వాలి, లేకపోతే ఈయన తీసుకోవాలి. ఆ గోడ పక్కనే.

"లోపల?" అన్నాడు డార్విన్.

ఆయనకి అడిగే అలవాటు లేదు. నేనే చెబుతుంటాను. లోపల ఎవరూ లేరు. కనుచూపు మేర తారు, అంతే.

"లోపల ఉంది," అన్నాను. "లోపల ఉంది, ఉండు, అక్కడే ఉండు."

ఉన్నాడు.

రేలిన్ సగం కారు తేడాతో గెలిచింది. నా పక్కన నిలబడిన కోయ్ తాలూకు మనిషి పొగాకు ఉమ్మే డబ్బా నోటి దాకా తెచ్చి ఆపి నా వైపు చూశాడు. తర్వాత ట్రాక్ లోపలి ఖాళీ వైపు చూశాడు. కప్పు వాళ్ళ కోయ్‌కే వెళ్ళింది కాబట్టి ఉమ్మి ఊరుకున్నాడు.

రేలిన్ ఎముక మళ్ళీ విరగకూడదనే అలా అన్నానని మెట్లు దిగుతూ నాకు నేను చెప్పుకున్నాను. కింది మెట్టు చేరేసరికి అది సగమే నిజమని తెలిసిపోయింది. ఆ నవ్వు విన్నాక అది గెలవాలనిపించింది. అందుకని ఇరవై ఆరేళ్ళు నన్ను నమ్మినవాడి చేతిలో కప్పు లాగేసి, పళ్ళు తెల్లగా ఉన్నవాడి చేతిలో పెట్టాను.

రేలిన్ కారు దిగి ఫోటోలవాళ్ళని తోసుకుంటూ నేరుగా తండ్రి దగ్గరికి వెళ్ళింది. ఒళ్ళంతా చెమట, కళ్ళల్లో నీళ్ళు, కోపం. "నిజం చెప్పు నాన్నా. నన్ను వదిలేశావా? వదిలేశానన్నావో, ఈ ట్రోఫీ తీసుకెళ్ళి నీ ట్యాంకరులో పడేస్తా. నీకు కావాలంటే నువ్వే దిగి తీసుకో."

డార్విన్ చేతి తొడుగులు నింపాదిగా విప్పాడు. "వదలడమా? నీ మొహం. మీ అమ్మ లోపల కారుందంది. లేకపోతే నిన్ను పార్కింగ్ దాకా జరిపేవాణ్ణి."

"ఒట్టు?"

"ఒట్టే తల్లీ. పో, ఫోటోలు దిగు. జుట్టు సరిచేసుకో, దయ్యంలా ఉన్నావు."

అది గంతులేసుకుంటూ పోయింది. నేను అక్కడే నిలబడ్డాను. నా అబద్ధం మీద కూతురు గెలిచింది, నా అబద్ధం మీద మొగుడు ఒట్టేశాడు. అవతల కోయ్ అంతెత్తు కప్పు ఎత్తుకుని ఊరేగుతుంటే మా ఆయన వెళ్ళి చెయ్యి కలిపి వచ్చాడు. మోకాలు పట్టుకుని, మెల్లగా, ట్రక్కు ఎక్కాడు. ఇంటికొచ్చి బూట్లు బయట విప్పాడు. అది చూసి నాకు భయమేసింది.

సోమవారం పొద్దున్నే చర్చికి వెళ్ళాం. సాయం మనిషి రాకపోతే పైపు పట్టుకునేది నేనే. ట్యాంకు మూత తీశాడు. ప్రభువు భక్తులు వేసవంతా ఎన్ని విందులు తిన్నారో ఆ వాసనే చెప్పింది. పంపు వేశాడు. ఇంక నావల్ల కాలేదు.

"డార్విన్, నిన్న లోపల ఎవరూ లేరు."

పైపు ఇంకాస్త లోపలికి దించాడు. "తెలుసు."

"తెలుసా?"

"కోయ్ గాడు అద్దంలో ఈగంత ఉన్నాడు. ఇంక లోపలికి ఎవరొస్తారు, పాస్టరు గారా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. తప్పు చేసింది నేను, అయినా ఒళ్ళు మండిపోయింది. "తెలిసి తెలిసి ఆగావా? బుద్ధుందా నీకు? ఇరవై ఆరేళ్ళ నుంచి ఆ దిక్కుమాలిన కప్పు కోసం ఒళ్ళు హూనం చేసుకుని, తీరా అందే వేళకి... మూర్ఖుడా! రాత్రంతా నేను కన్ను మూయలేదు తెలుసా?"

"నాకు తెలీదా. మంచమంతా దొర్లావుగా."

"మరి నిద్ర లేపి తిట్టొచ్చుగా!"

"నువ్వు ఉందన్నావు. ఉందనుకున్నా. అంతే."

నాకు ఏడుపొచ్చింది. చేతికి తొడుగులుండటం వల్ల కళ్ళు తుడుచుకునే వీలు కూడా లేదు. ఆయన తన భుజం ముందుకి వంచితే ఆ చొక్కాకే మొహం రాసుకున్నాను. పంపు గుడగుడమంటూ లాగుతోంది.

"జరుపుతాననుకున్నావు కదూ?" అన్నాడు. "పిల్లని. ఆ గోడకి."

అబద్ధం ఆడే ఓపిక అయిపోయింది. "అనుకున్నా," అన్నాను.

డార్విన్ ట్యాంకులోకే చూస్తున్నాడు.

"నేనూ అదే అనుకున్నా," అన్నాడు. "అందుకేగా నిన్ను అడిగింది."