గోడౌనక్క

టీ చల్లారి పైన మీగడ కట్టింది. గోడౌనక్క దాన్ని వేలితో పక్కకు తోసి ఒక్క గుక్కలో తాగేసి, మళ్ళీ కంప్యూటర్ తెర మీదికి వంగింది. ఎడమ మణికట్టుకు చుట్టుకున్న పట్టీ అంచుల్లోంచి నూలుపోగులు వేలాడుతున్నాయి. మెడ పట్టేసినప్పుడల్లా తల ఒక పక్కకు వాల్చి, అలాగే చదువుతుంది.

ఆఫీసులో ఆమె అసలు పేరుతో ఎవరికీ పనిపడలేదు. అందరికీ ఉచితంగా ఇచ్చే ఒక డేటాబేస్‌లో, సమాచారాన్ని డిస్కు మీద దాచే కింది భాగం ఆమె చూసుకుంటుంది. సరుకు దాచే మనిషి కాబట్టి గోడౌనక్క అయింది.

"ఊరికే ఇచ్చేదానికి ఒళ్ళు గుల్ల చేసుకోవడం ఎందుకే?" అని ఆ పొద్దున కూడా మొగుడు అన్నాడు. అతను స్కూలు బస్సు నడుపుతాడు.

"ఊరికే ఇచ్చింది పాడైతే ఊరంతా తిడతారు," అంటూ అతని క్యారేజీ మూత గట్టిగా నొక్కింది.

పిల్ల పుట్టాక ఆమె ఏళ్ళ తరబడి ఇంటికే అతుక్కుపోయింది. మళ్ళీ ఉద్యోగం కోసం ఇంటర్వ్యూకు వచ్చినప్పుడు జవాబులన్నీ తెలిసీ నోరు పెగల్లేదు. "ముందు నీళ్ళు తాగమ్మా. డిస్కెక్కడికీ పారిపోదు," అన్నాడు ఎదురుగా కూర్చున్న పెద్దాయన. అందరూ ఆయన్ని మేష్టారంటారు. ఆ కింది భాగమంతా ఆయన చేతి రాతే. రిటైరయ్యాక కూడా రోజూ వచ్చి ఆమె పక్క కుర్చీలో కూర్చుంటాడు.

ఇన్నాళ్ళూ ప్రశ్నలకు జవాబు వెతికే పైభాగం తిన్నగా మేష్టారి కోడ్‌లో చెయ్యి పెట్టి, డిస్కు మీది ఫలానా పేజీలో ఫలానా వరుస అని లాక్కునేది. మరో పద్ధతిలో దాచుకోవాలనుకునే వాళ్ళకు దారి లేదు. అందుకని రెంటి మధ్యా ఒక ఇంటర్‌ఫేస్ కడుతోంది గోడౌనక్క. దాచు, తీసివ్వు, చెరిపెయ్యి అని అడగడమే పైవాడి వంతు. కింద ఎవరి సరంజామా ఉన్నా తగిలించుకోవచ్చు.

తుది రూపం పంపాల్సింది ఆ సాయంత్రమే. అది వెళ్ళిందంటే మేష్టారు రాసింది పదింటిలో ఒకటి అవుతుంది. రేపెవరైనా ఇంతకన్నా చురుకైనది తెస్తే అటకెక్కుతుంది. ఆ సంగతి తలుచుకుంటే ఆమెకు అన్నం సయించడం లేదు. అందుకే ఒక్కటి కదపకుండా వదిలేసింది. పేజీ నంబరు చెప్పమని అడగడం ఇంటర్‌ఫేస్‌లో అలాగే ఉంది. అది మేష్టారి పద్ధతికి అతికినట్టు సరిపోతుంది. పేజీలే లేని కొత్తవాళ్ళు మాత్రం దొంగ నంబర్లు పుట్టించుకోవాలి. ఎవరడిగినా "తర్వాత చూద్దాం" అని దాటవేస్తూ వచ్చింది.

మేష్టారు మెట్లెక్కి వచ్చి, ఆయాసం తీరేదాకా కుర్చీ పట్టుకుని నిలబడి, తర్వాత కూర్చుని చదవడం మొదలుపెట్టాడు. మధ్యలో ఆగాడు.

"ఈ పేజీ నంబరేంటి ఇక్కడ?"

"ఉంటే నష్టమేముంది మేష్టారూ?"

"నష్టం నీకు తెలుసు. తెలిసే ఉంచావు. నా మొహం చూసి ఉంచావు."

ఆమె పట్టీ పోగు ఒకటి లాగుతూ కూర్చుంది. "అది తీస్తే మీరు రాసింది సగానికి సగం చెరపాలి. నా చేత్తో."

"మరెవరి చేత్తో చెరపమంటావు? ముక్కూ మొహం తెలియనివాడి చేత్తోనా?"

పట్టీ పోగు తెగి ఆమె చేతికొచ్చింది.

"నాకు బాధ లేదనుకోకు. నిన్నంతా మా ఆవిడ మీద విసుక్కుంటూనే ఉన్నాను. బాధ బాధే, తప్పు తప్పే. తియ్యి."

ఇద్దరూ కూర్చున్నారు. ఆయన చదువుతుంటే ఆమె చెరిపింది. ఒకచోట ఆయన గొంతు తగ్గింది. "ఇది మా పెద్దమ్మాయి కడుపులో ఉండగా రాశాను."

ఆమె వేలు మీట మీద ఆగిపోయింది.

"ఆగావేం? పిల్లకు పెళ్ళై పిల్లలు కూడా. తియ్యమ్మా."

మొదట టెస్టులు బొక్కబోర్లా పడ్డాయి. చెరిపేసిన వరుసలు ఇండెక్సులో, అంటే వెతుక్కునే జాబితాలో, దెయ్యాల్లా మళ్ళీ కనబడ్డాయి. "వాటి లెక్క కిందివాడే చూసుకోవాలి," అని గొణిగాడాయన. ఆమె సరిచేసింది. ఎండ కిటికీ దాటి గోడెక్కే వేళకు అన్నీ నెగ్గాయి. పంపించింది. చప్పట్లు లేవు. "పేర్లు బాగా పెట్టావు," అని మాత్రం అని, మేష్టారు బస్సు వేళైందంటూ లేచాడు. మెట్ల దాకా తోడొస్తానంటే వద్దన్నాడు.

చీకటి పడ్డాక ఆమె సంచీ సర్దుకుంటుండగా ఫోన్ మోగింది. మేష్టారి భార్య. బస్సులో నిద్రపోతున్నారనుకున్నారట. ఆఖరి స్టాపులో కండక్టర్ భుజం తట్టాడట. లేవలేదట.

గోడౌనక్క గోడకు ఆనుకుంది. "పిన్నిగారూ... పొద్దున్నించీ ఆయన ముందే ఆయన రాసింది చెరిపాను. మనసు కష్టపెట్టుకుని వెళ్ళారేమో..."

"బస్సెక్కి నాకు ఫోన్ చేశారమ్మా. పిల్ల పని తెమిల్చింది, ఇవాళ గిన్నెడు అన్నం ఎక్కువ వండు అన్నారు." అవతల గిన్నె మీద మూత పెట్టిన చప్పుడైంది. "వండేశాను."

ఆమె ఫోన్ చేస్తే మొగుడు ఖాళీ స్కూలు బస్సుతో వచ్చి కింద హారన్ కొట్టాడు. ఇద్దరూ ముందు పిన్నిగారి దగ్గరికే వెళ్ళాలి. ఆమె కళ్ళు తుడుచుకుని, మేష్టారి తెర ఆర్పడానికి వంగింది. కీబోర్డు పక్కన, ఆయన తన వాటా తిని ఆమె వైపు జరిపి పెట్టిన సగం నారింజ ఉంది, ఆరిపోకుండా దాని తొక్క దాని మీదే మూసి.