ఇల్లుటపు అల్లుడి ఈకల గాలం

మహేందర్‌కు పని తప్ప అన్నీ వచ్చు. పెద్ద కొడప్‌గల్ నుంచి బాన్సువాడ దగ్గర హన్మండ్లు చిన్న కూతురు నవతను చేసుకొని, వాళ్లింటికే ఇల్లుటం వచ్చి ఏడాది దాటినా, మామ చెరుకు తోటలోకి చెప్పులు విడిచి దిగిన పాపాన పోలేదు. అత్త గంగాబాయి వేడివేడిగా పెడితే తినడం, పరాయి దేశాల సరస్సుల్లో దొరలు చేపలు పట్టే వీడియోలు ఫోన్‌లో చూడడం, ఇదీ ఆ మహానుభావుడి దినచర్య.

చూసి చూసి చివరికి తనూ ఒక గాలం తెప్పించుకున్నాడు. ఎర్రలు గుచ్చే నాటు గాలం కాదండోయ్! కొక్కేనికి ఈగలా ఈకలు కట్టి, పొడవాటి దారాన్ని కొరడాలా గాలిలో ఝళిపించి నీళ్ల మీద వాల్చే గాలం. ఎర్రను ముట్టుకోవడం దొరగారికి నామోషీ. ఆ ఈకల కోసం గంగాబాయి ముద్దుగా పెంచుకున్న కోడిపుంజు తోకంతా పీకేశాడు. వాకిట్లో సాధన చేస్తుంటే మొదట దండెం మీది చీర చిక్కింది, తర్వాత బర్రె చెవి చిక్కింది. ఇదంతా ఫోన్‌లో పెట్టి చిన్నపాటి గురువు కూడా అయిపోయాడు. "అసలైన వేటగాడు చేపను పడ్తడు, మళ్ల నీళ్లల్ల ఇడుస్తడు. కూరొండుకునేటోడు వేటగాడే కాదు" అని రోజూ ప్రవచనం.

హన్మండ్లు ఓపిక పట్టీ పట్టీ, మిరుగం దగ్గర పడగానే నోరు విప్పాడు. మృగశిర కార్తె మొదలయ్యే ఆ రోజు నోట్లో చేప ముక్క పడకపోతే ఏడాదంతా రోగాలేనని ఇంటింటి నమ్మకం.

"అల్లుడా, ఇగ ఇను. గీ మిరుగానికి మనింట్లకు కొన్న చేప రావద్దు. నీ ఈకల గాలంతోని ఒక్క పెద్ద జిలేబి చేప పట్టుకరా. తలా ఒక ముక్క నోట్లె పడితే చాలు. తెస్తే, ఈ వానకాలం సంది పొలం, మోటరు, పెత్తనం అన్నీ నీ చేతుల వెడ్త. తేకుంటే బట్టలు సదురుకొని మీ ఊరి బస్సెక్కు."

"నా ఇజ్జత్ నీ చేతుల ఉంది. సక్కగ పట్టుకరా" అని నవత మొగుణ్ణి బతిమాలింది.

"ఫికర్ జెయ్యకు. గదెంత పని!" అన్నాడు మహేందర్. నోటికి హద్దుంటే కదా! లోపల మాత్రం లెక్కలు వేసుకున్నాడు. వెనక్కి వెళ్తే అక్కడ ముగ్గురు అన్నలు, మూరెడు పొలం. వదినల ఎత్తిపొడుపులతోనే కడుపు నింపుకోవాలి.

మిరుగం రానే వచ్చింది. బిచ్కుంద నుంచి పెద్దల్లుడు గోపాల్ పెళ్లాం పిల్లలతో దిగాడు. గంగాబాయి మసాలా నూరి, చింతపండు నానబెట్టి, దాక ముందు పెట్టుకొని కూర్చుంది.

చెరువులో నీళ్లు బాగా తగ్గాయి. ఒడ్డు పక్క లోతు లేని చోట జిలేబిలు గుంటలు చేసుకొని కాపలా కాస్తున్నాయి. గుంట మీద ఏది వాలినా మీద పడి కరుస్తాయి. మహేందర్ కట్ట మీద ఫోన్ నిలబెట్టి, లైవ్ పెట్టి, మోకాళ్ల లోతున దిగాడు. మొదటిసారి గాలం తుమ్మ కొమ్మకు తగులుకుంది. రెండోసారి తన చొక్కాకే. మూడోసారి ఏ దేవుడు కరుణించాడో, ఈక సరిగ్గా గుంట మీద వాలింది. గుబుక్కుమంది! కట్టె వంగింది, దారం గిర్రున తిరిగింది. అబ్బ, ఏం చేప! రెండు చేతులకూ పట్టనంత జిలేబి. పొలం, మోటరు, పెత్తనం అన్నీ దాని పొట్టలోనే కనిపించి మహేందర్‌కు కళ్లనీళ్లు తిరిగాయి.

చేపతో ఒడ్డెక్కి ఫోన్ చూశాడు. "అన్నా, ఇడుస్తవా, వండుకుంటవా?" అని ఒకడు. "గురువుగారి అసలు రంగు ఇప్పుడు బయటపడ్తది" అని ఇంకొకడు. ఇంట్లో ఏదో ఒకటి చెప్పుకోవచ్చు, లోకానికి ఏం చెప్పుకుంటాడు? ఇంకొకటి పడకపోతుందా అనుకున్నాడు, బుద్ధిమంతుడు! చేప నుదుటి మీద ముద్దు పెట్టి, "పో బిడ్డా, నీ వాళ్లతోని సల్లగ బతుకు" అని నీళ్లలో వదిలేశాడు. లైకులే లైకులు. ఆ తర్వాత మధ్యాహ్నం దాకా ఝళిపించినా కప్ప కూడా ముట్టలేదు.

గుట్టుగా ఒకటి కొనుక్కొద్దామని అంగడికి పరుగెత్తాడు. మిరుగం నాడు ఆ వేళకు చేప దొరుకుతుందా? పొలుసులు తప్ప ఏమీ మిగల్లేదు.

మొహం వేలాడేసుకొని ఇల్లు చేరాడు. "ఏం జేతు మామా! ఇయ్యాల చెరువుల చేపలే లేవు. ఒక్కటంటే ఒక్కటి పడలే."

గోపాల్ తన ఫోన్ ఇటు తిప్పాడు. పొద్దున్నుంచీ ఇంటిల్లిపాదీ ఆ లైవ్ చుట్టూనే కూర్చున్నారు. చేప పడగానే నవత ఎగిరి చప్పట్లు కొట్టింది. గంగాబాయి దాకలో నూనె పోసింది. ఆ నూనె మాడిన కంపు ఇల్లంతా ఇంకా పోలేదు.

"తమ్మీ, ముద్దు మాత్రం మంచిగ వడ్డది" అన్నాడు గోపాల్.

చేప తినని ఇళ్లలో చేసినట్టు గంగాబాయి ఇంగువ, బెల్లం కలిపి ఉండలు చేసి తలా ఒకటి పెట్టింది. మహేందర్ కూడా చెయ్యి చాపాడు. ఆ చేతిలో ఏమీ పడలేదు. దిక్కుతోచక నవత వైపు చూశాడు.

"నాకంటె నీకు గా లైకులే ఎక్కువాయె" అంది నవత.

హన్మండ్లు లేచాడు. కొడతాడేమోనని మహేందర్ వెనక్కి జరిగాడు. మామ కొట్టలేదు. అల్లుడి మొహాన్ని రెండు చేతులా దగ్గరికి తీసుకొని, నుదుటి మీద చప్పుడయ్యేలా ముద్దు పెట్టాడు. భుజాలు పట్టి గుమ్మం వైపు తిప్పాడు.

"పో బిడ్డా" అన్నాడు. "నీ వాళ్లతోని సల్లగ బతుకు."