పచ్చపట్టీ చంద్రిక

శాలేము రాజు ఊపిరితిత్తులు చెడి ఏడాదైంది. గాలాడే చోట కూర్చోబెట్టమని మిషన్ ఆసుపత్రి డాక్టరు గట్టిగా చెప్పాడు. మదనపల్లెలో వాళ్లు అద్దెకున్న గదికి ఒకటే కిటికీ. అది తెరిస్తే పక్కింటి గోడ. అందుకే అతని భార్య హెలెన్ పెరటి మూల మీద కన్నేసింది.

టమోటా మార్కెట్లో విరిగిన పెట్టెలు అడిగి తెచ్చి, మేకులు కొట్టి బల్ల చేసింది. ఎవరో పారేసిన కడపరాతి ముక్కను కాళ్లకింద పాతింది. నీడకు, వీధి చివరి కుప్పలో దొరికిన చంద్రికను కర్రల మీద కట్టింది. పట్టుపురుగులు గూళ్లు అల్లుకునే వెదురుతడిక అది.

ఇంటి ఓనరు మునిరత్నమ్మ ఆ పెరట్లోనే షెడ్డు వేసి పట్టుపురుగులు పెంచేది. సాయంత్రాలు వచ్చి బల్ల మీద చతికిలబడేది.

"మీ ఆయన పుణ్యాన నాకూ సింహాసనం దొరికిండాది."

రాజుకు దగ్గు తగ్గింది. రాత్రిళ్లు నిద్ర పడుతోంది.

అంతలో షెడ్డులో పురుగులు రోగంతో చచ్చి సున్నపుకడ్డీల్లా తెల్లగా బిగుసుకుపోయాయి.

"ఈ చంద్రిక యాడిది?" మునిరత్నమ్మ మీదికొచ్చింది.

"కుప్పలో దొరికిందమ్మా."

"రోగాన్ని మోసుకొచ్చి నా పురుగుల పక్కన కట్టినావు. సాయంత్రానికి గది ఖాళీ చెయ్."

"మళ్లా మూసిన గదిలో పడేస్తే ఈయన బతకడమ్మా."

"అది నన్నడిగితే ఎట్ల?"

హెలెన్ చంద్రిక విప్పింది. మూల దుమ్ము రాలి పచ్చరంగు పట్టీ బయటపడింది. చంద్రికలు వాడుకుని తిరిగిచ్చే బదులుకు ఇల్లిల్లూ తిరుగుతాయి గనుక ఎవరి గుర్తు వాళ్లు వేసుకుంటారు. పచ్చపట్టీ మునిరత్నమ్మది.

"ఇది మీదే గదమ్మా. పోయిన పంటకే రోగం తగిలినట్టుండాది. కాల్చకుండా కుప్పలో పారేసినారు."

మునిరత్నమ్మ ముందు వీధివైపు చూసింది. ఆ వీధిలో సగం షెడ్లలో ఆమె బదులిచ్చిన చంద్రికలే ఉన్నాయి. మరుక్షణం తడికను లాక్కుని, ముక్కలు విరిచి నీళ్లపొయ్యిలో కుక్కింది. వెదురు చిటపటమంది.

"ఇప్పుడు సూపించు, గుర్తు యాడుండాదో. నోరు తెరిస్తే ఈ ఊర్లో ఎవురూ నీకు గది ఇయ్యరు."

పొద్దుగూకేసరికి ఆటో వచ్చింది. రాజును ఎక్కించి, హెలెన్ బల్ల కోసం వెనక్కి వెళ్లింది. దాని మీద మునిరత్నమ్మ కూర్చుని ఉంది.

"దీన్ని ఈడే ఉండనీ. రేపు అద్దెకొచ్చి గదిలో గాలి లేదని గొణిగేవాళ్లకు సూపించాల."

ఆటో కదిలింది. రాజు దగ్గడం మొదలుపెట్టాడు. వాళ్లు వెళ్తున్న గోడౌను గదికి ఆ ఒక్క కిటికీ కూడా లేదు.