తువ్వాలు కింద రెండో చెయ్యి

పత్తికొండ సంతలో నేను ఎద్దుల దళారిని. మా బేరం నోటితో జరగదు. కొనేవాడూ నేనూ తువ్వాలు కింద చేతులు కలిపి, వేళ్లు పట్టుకుని ధర చెప్పుకుంటాం. ఆఖరున కలిసిన చెయ్యే బేరం. దాన్ని కాదన్నవాడికి మళ్లీ సంతలో ఎవరూ చెయ్యివ్వరు.

ఆ సోమవారం గోపన్న ఎద్దుల జత తెచ్చాడు. బోరు మోటారు కాలిపోయి అతని టమోటా తోట వాడుతోంది. ఎద్దులు అమ్ముడుపోతేనే కొత్త మోటారు. అదే రోజు సంత మీద డాక్యుమెంటరీ తీస్తామని ఒక విదేశీ ఆవిడ కెమెరాతో దిగింది. ఆవిడ మాట తెలుగులో చెప్పడానికి కడప పిల్ల సాహితి వెంట ఉంది.

రాయచోటి నుంచి వచ్చిన నరసన్న మంచి ధరకే వేళ్లు పట్టాడు. "అయింది!" అని అరిచాను. గోపన్న మొహం తేటపడింది.

"కెమెరాలో సరిగా పడలేదంట అన్నా. మళ్లీ ఒక్కసారి చెయ్యి కలపాలంట," అంది సాహితి.

"నాటకమా ఇది? కలిసిన చెయ్యి మళ్లీ కలపకూడదమ్మా."

"కానీయప్పా," అన్నాడు గోపన్న. "ఆయమ్మ అంత దూరం నుంచి వచ్చిండాది."

సరుకు గలవాడే సరేనన్నాక నేనెవరిని? తువ్వాలు పరిచాను. నరసన్న ఈసారి ఒక వేలు తక్కువ పట్టి ధర తగ్గించి, నేను చెయ్యి లాక్కునేలోపే పిడికిలి బిగించాడు.

"ఇదేం పనప్పా?"

"ఆఖరు చెయ్యే కదా బేరం! నేను కలపమంటినా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. "ఫిల్ములో హీరో అయితివి గదా గోపన్నా!"

"ఈ దుడ్లకు మోటారు రాదు," అన్నాడు గోపన్న. ఎవరి వైపూ చూడలేదు.

"ఆ తేడా ఆవిడనే కట్టమను," అన్నాను సాహితితో. ఆ పిల్ల వెళ్లి మాట్లాడి వచ్చింది.

"మనుషులకు డబ్బులిస్తే డాక్యుమెంటరీ కాదంట అన్నా. నిజం చెడిపోతాదంట."

"మళ్లీ కలపమన్నప్పుడు చెడలేదా?"

ఆ మాట సాహితి ఆవిడకు చెప్పలేదు.

మూడోసారి తువ్వాలు కప్పి నరసన్నను దగ్గరికి లాగాను. "నీ దగ్గర నాకు రావాల్సిన దలాలీ వదులుకుంటాండా. మిగతా తేడా నువ్వు ఎక్కు. లేదంటే వచ్చే సంతలో నీకు ఎద్దు ఎవరు చూపిస్తారో చూసుకో."

తిట్టుకుంటూనే తగ్గించిన వేలు మళ్లీ పట్టాడు. ఎండంతా నెత్తిన మోసి నేను సంపాదించింది చెమట.

గోపన్న పాత పలుపులు విప్పుకున్నాడు. నరసన్న కొత్తవి కట్టాడు. ఎద్దుల మెడలు ఒకసారి నిమిరి, గోపన్న మోటార్ల కొట్టు వైపు గబగబా నడిచాడు. ఫిల్ము వాళ్లు టీ బంకు నీడలో కూర్చుని ఇంకా బ్యాటరీ మార్చుకుంటున్నారు.