పోట్లాడే రక్తం

బస్సు ఆగీ ఆగకముందే ఎస్తాసియా నెత్తిన బుట్టతో ఎక్కేసింది. కర్రపెండలం పిండిలో చీజ్ కలిపి కాల్చిన చీపా రొట్టెలు బుట్టలో ఇంకా వెచ్చగానే ఉన్నాయి. "చీపా, వేడి చీపా!" అసున్సియోన్ నగరం బస్సుల్లో ఆ కేక వేసీ వేసీ ఆమె గొంతు జీరపోయింది. మోకాళ్లు వాచాయి. తుంటి ఎముకలోంచి మూలుగ తీసిన చోట ఇప్పటికీ సలుపుతూనే ఉంది.

ఆమె తమ్ముడు సెఫెరీనో బస్సు డ్రైవరు. అమ్మ పోయాక ఆవిడ మట్టిపొయ్యిని పగలగొట్టి, ఆ జాగాలో బస్సు నిలబెట్టుకున్నాడు. అప్పట్నుంచి ఎస్తాసియా వాడి బస్సెక్కలేదు. దారిలో కనబడితే చాలు, వాడు కావాలని హారన్ మోగించేవాడు. ఆమె మొహం తిప్పుకునేది. మహా పంతం మనిషి.

తర్వాత వాడికి రక్తక్యాన్సర్ వచ్చింది. మందులకు తగ్గినట్టే తగ్గి తిరగబెట్టింది. వాడి మూలుగను మొత్తం చంపేసి, ఇంకొకరి మూలకణాలు ఎక్కిస్తే తప్ప బతకడన్నారు. తోబుట్టువులందరిలో సరిపోయింది ఎస్తాసియావే. పిలవగానే వెళ్లింది. కణాలు నాటుకున్నాయనగానే వార్డంతా చీపాలు పంచిపెట్టింది. నెల తిరక్కుండానే వాడి ఒళ్లు కాలినట్టు ఎర్రబడి, చర్మం పొరలుగా ఊడసాగింది. కడుపులో మంచినీళ్లు కూడా నిలవడం మానేశాయి.

"మీ కణాలు అతని ఒంటిని పరాయిదనుకుని కొడుతున్నాయమ్మా," అన్నాడు డాక్టరు. ఇందులో ఎవరి తప్పూ లేదని కూడా అన్నాడు. ఆ రెండోమాట ఆమె చెవికెక్కలేదు.

ఆ మధ్యాహ్నం బుట్ట ఖాళీ కాగానే ఆసుపత్రికి వెళ్లి, మాస్కు కట్టుకుని మంచం పక్కన కూర్చుంది. సెఫెరీనో కళ్లు పచ్చబడ్డాయి. పెదాలు చిట్లి రక్తం గడ్డకట్టింది.

"వచ్చావా అక్కా? నీ రక్తం అచ్చం నీలాగే ఉందే. పొయ్యి సంగతి ఇంకా మర్చిపోలేదు."

"నోర్ముయ్‌రా."

"నవ్వుతావని అన్నానే."

ఆమెకు నవ్వు రాలేదు. "ఒరే, నా కోపం ఎప్పుడో పోయిందిరా. ఒట్టు."

"నాకు చెప్తే ఏం లాభం? దానికి చెప్పు," అని ముంజేయి కాస్త ఎత్తాడు.

వేళాకోళానికే అన్నాడు వాడు. ఎస్తాసియా మాత్రం వంగి, ఊడిపోతున్న ఆ చర్మం దగ్గర నోరు పెట్టింది. "చాల్లే, ఇక ఊరుకో," అని తన రక్తాన్ని కసిరింది. "వీడు పరాయివాడు కాదు. నా తమ్ముడు. నువ్వు పుట్టిన కడుపునే పుట్టాడు. వదిలెయ్." అలా తిట్టింది, బతిమాలింది, మళ్లీ తిట్టింది. వాడు కళ్లు మూసుకుని వింటున్నాడనుకుంది.

నర్సు వచ్చి భుజం మీద చెయ్యి వేసేదాకా ఆమె ఆపలేదు.

"ఇక చాలమ్మా. ఆయన పోయారు."

నర్సు దుప్పటి కప్పి, వాడి మణికట్టుకున్న ప్లాస్టిక్ పట్టీని కత్తిరించి ట్రేలో పెట్టింది. ఎస్తాసియా అటే చూస్తుంటే, ఏదో ఒకటి మాట్లాడాలని కాబోలు, "మొన్ననే ఇది మార్చామమ్మా. మీ కణాలు బాగా పట్టాయి కదా, ఆయన గ్రూపు కూడా మీ గ్రూపైపోయింది," అంది.

ట్రేలో పట్టీ ఇంకా మణికట్టంత గుండ్రంగానే ఉంది. దాని మీద సెఫెరీనో పేరు, పేరు కింద అక్క రక్తం గ్రూపు.