తడి సుద్దతో రాసిన వాక్యం

నేను ఒక నల్లబల్లను. నాలుగు మామిడి పలకలు కలిపి వడ్రంగి బ్రహ్మయ్య నన్ను చేశాడు. ఊరి ప్రాథమిక బడిలో, రెండో గదిలో, తలుపుకు ఎదురుగా నిలబెట్టారు. లోపలికి వచ్చేవాళ్లను అందరికన్నా ముందు చూసేది నేనే. మధ్యలో లేచి వెళ్లిపోయేవాళ్లను చివరిదాకా చూసేదీ నేనే.

తుడిచేస్తే పోయినట్టేనని మనుషుల నమ్మకం. గుడ్డతో నాలుగుసార్లు రుద్ది, ఎక్కాలూ తిట్లూ అన్నీ పోయాయనుకుంటారు. వేసవి సెలవులయ్యాక పిల్లలు బీరాకు పసరులో బొగ్గు నూరి నాకు పులుముతారు. నేను కొత్తగా కనిపిస్తాను. కనిపించడం వరకే.

ఆ బడిలో ఏటా కథల పండుగ జరిగేది. లింబాద్రి సారు మొదలుపెట్టాడు. పిల్లలు రాసిన కాగితాలే ఆరోజు గుమ్మానికి తోరణం. ఒక్కొక్కరూ తమ కథ మొదటి వాక్యాలు నా మీద రాసి, మిగతాది నోటితో చెప్పాలి.

మొదటి ఏడాదే గంగజల వచ్చింది. నాలుగో తరగతి. తన అక్షరాలు అందరికన్నా తెల్లగా ఉండాలని సుద్దముక్కను నీళ్ల గ్లాసులో ముంచింది. తడి సుద్దతో రాసేటప్పుడు సరిగా కనిపించదు, ఆరేకొద్దీ పాలలా తేలుతుంది. కానీ చెక్కలోకి ఇంకిపోతుంది. అందుకే సారు వద్దనేవాడు. ఆ పిల్ల వింటేనా!

'ఒక పిల్ల కథ రాసుకుంటున్నది. తలుపు అవతల నుంచి ఎవరో పిలిచిండ్రు. ఆ పిల్ల'

అక్కడిదాకా రాసింది.

"రావే బిడ్డా, జర పనున్నది," అంది గుమ్మంలో ఆమె నానమ్మ.

సుద్దముక్కను గ్లాసులోనే వదిలి గంగజల వెళ్లింది. ఇంట్లో ఆమె కోసం బీడీలు చుట్టే చాట సిద్ధంగా ఉందట. మళ్లీ రాలేదు.

తడిగుడ్డతో తుడిచారు. పోయింది. ఆరాక వచ్చింది. బొగ్గు పులిమారు. కొన్నాళ్లకు మళ్లీ వచ్చింది. సారుకు బదిలీ అయింది. రాసిందెవరో చెప్పేవాళ్లు లేక పిల్లలే తమకు తోచింది చెప్పుకున్నారు.

"దయ్యం రాసిందిరా. అది కనవడ్డప్పుడు తలుపుకాడ ఎవలన్న పిలిస్తే పోవద్దు."

"పోతే ఏమైతది?"

"మళ్ల బడికి రారు."

కొందరు నవ్వేవారు. ఆ గుమ్మంలోంచి వెళ్లినవాళ్ల వీపులన్నీ నాకు గుర్తున్నాయి, నేనెలా నవ్వను? దయ్యమంటే హడలిపోయే మనుషులు బీడీల చాటను చూసి మాత్రం భయపడరు.

పదిహేడేళ్లు గడిచాయి. స్వరూప టీచర్ కథల పండుగకు తల్లులను కూడా పిలిచింది. వెనక వరసలో ఒకామె కొంగు అంచును బీడీ ఆకులా మడుస్తూ, విప్పుతూ కూర్చుంది. గంగజల. ఆమె కూతురు మేఘన మూడో తరగతి చదువుతోంది.

"మా అత్త దీన్ని బడి మానిపిచ్చి చాట ముందట కూసోవెడ్తనంటున్నదక్కా," అంది పక్కామెతో.

"వద్దని చెప్పరాదే?"

"ఆమె ముందట నా నోట్లెకెల్లి మాట ఎల్లదు."

టీచర్ నన్ను తడిగుడ్డతో తుడిచి మేఘనను పిలిచింది. కిటికీలోంచి ఎండ నా మీద పడుతోంది. మేఘన సుద్ద ఎత్తింది. ఆ చెయ్యి నన్ను తాకకముందే అక్షరాలు తేలసాగాయి. 'ఒక పిల్ల కథ రాసుకుంటున్నది...' ముందు వరసలో ఒక పిల్ల గట్టిగా చెవులు మూసుకుంది.

"రావే బిడ్డా, జర పనున్నది."

గుమ్మంలో మేఘన నానమ్మ. గొంతు వేరు. మాటలు అవే.

"ఆకు నానవెట్టిన. ఎండకముందే కత్తిరియ్యాలె. రా!"

మేఘన సుద్ద కింద పెట్టి ఒక అడుగు వేసింది.

గంగజల లేచింది. అత్త వైపు వెళ్లలేదు, నా వైపు వచ్చింది. వంకర తిరిగిన ఆ అక్షరాలను వేలితో తడిమింది. "ఇది నేను రాసిన," అంది, ఎవరితోనూ కాదు. సుద్దముక్కను కూతురి నీళ్ల సీసాలో ముంచి నా మీద పెట్టింది. ఆనాడు ఆగిన చోటి నుంచి ఒత్తి రాసింది. ఆ తడి నా పలకల్లోకి దిగింది.

"ఏం రాసినవే? ఏం కనవడ్తలేదు," అంది అత్త.

"ఆగు అత్తా. ఆరనీ."

గదంతా ఆగింది. ముసలమ్మ కూడా ఆగింది. 'ఆ పిల్ల' పక్కన ఒక్కొక్క అక్షరమే చెక్కలోంచి లేచి వచ్చింది.

ముసలమ్మకు చదువు రాదు. "ఏమున్నదే?" అని మనవరాలినే అడిగింది.

"ఆ పిల్ల పోను అన్నది," అని మేఘన చదివింది.

"మల్లొకసారి సదువు."

చదివింది, ఈసారి గట్టిగా. ముసలమ్మ కోడలి ముఖం చూసింది, నా వైపు చూసింది. గడప దాటలేదు. "ఆకు నేనే కత్తిరిస్త తియ్యి," అని గొణుక్కుంటూ వెళ్లింది. మర్నాడు మేఘన బడికి వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది.

ఇప్పుడు నేను విరిగిన బెంచీల గదిలో ఉన్నాను. నా చోట ఆకుపచ్చ బోర్డు పెట్టారు. నన్నెవరూ తుడవరు, బొగ్గు పులమరు. అప్పుడప్పుడు మూసిన తలుపు అవతల నుంచి ఎవరో పిలుస్తారు. గాలి అంటారు మనుషులు. జర పనున్నది, రావే అంటుంది ఆ గాలి. నా దాకా వస్తుంది. నా మీది చివరి రెండు మాటల దగ్గర ఆగి, వెనక్కి తిరిగిపోతుంది.