అమావాస్య బేరం

టీవీ గేమును తక్కువ చేసి మాట్లాడేటోళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతాది. ఫోన్లు వచ్చినాక దాని కత ముగిసిందంట. ముగిసిందో లేదో నన్నడగండి, నలభై గేము డబ్బాలు నెత్తినేసుకున్నోణ్ని నేను.

నా పేరు మునీంద్ర. మైదుకూరు మెయిన్ రోడ్డులో ఎలక్ట్రానిక్ సామాన్ల అంగడి నాది. పోయినేడు బెంగళూరులో ఒక హోల్‌సేల్ శేటు, వీటిని తయారుచేసేటోళ్లు మానేస్తాండారు, ఇంగ దొరకవని చెప్పి ఆ నలభై నాకు అంటగట్టినాడు. దొరకని సరుకంటే బంగారమే గదా అని నేను ఎగురుకుంటా తెచ్చినా. ఎవురూ కొనకపోతేనే వాళ్లు మానేసిందని నా బుర్రకు తట్టనే లేదు. ఏడు నెలల్లో పోయింది ఒక్కటంటే ఒక్కటి. అది గూడా మా చెల్లెలు మొగమాటానికి తీసుకున్నది.

అయినా ఆ డబ్బా మీద నాకు కోపం రాలా. ఎంత మంచి సామానో అది! టీవీకి తగిలిస్తే చాలు, నెట్టు వద్దు, రీచార్జి వద్దు. క్యాసెట్టు మొరాయిస్తే బయటికి తీసి ఒకసారి ఉఫ్ఫని ఊది పెడితే మళ్లా ఆడతాది. ఫోనులో ఎవుని ఆట వానిదే, తలకాయ వంచుకోని మూలన కూచుంటారు. దీనికి రెండు రిమోట్లు. ఆట రక్తి కట్టాలంటే పక్కన ఇంకో మనిషి ఉండాల్సిందే.

నా భార్య లక్ష్మీదుర్గ వాళ్లన్న రంగస్వామికి రాయచోటిలో సిమెంటు అంగడి ఉండాది. ఆయప్ప ఒకనాడు వచ్చి, గోడెత్తు పేర్చిన డబ్బాలను చూసి, దసరాలోపల ఇవి పోకుంటే ఈ అంగడి మూసేసి తన దగ్గరికొచ్చి బస్తాలు దించుకోమన్నాడు. అదీ పదిమంది ముందర. ఇంటిఖర్చుకు ఆయప్ప ఇచ్చిందే తింటాండామాయె, నేను తలొంచుకోని సరేనన్నా. దుర్గ పక్కనే నిలబడుండాది, ఒక్క మాటా అనలా. ఈమెదీ వాళ్లన్న పక్షమేలే అనుకున్నా.

దసరా ఇంక నెలన్నర ఉండాదనంగా ఒక అమావాస్య వచ్చింది. అమావాస్య నాడు నేను షట్టరెత్తను. ఆ దినం బేరం చేస్తే మొదటికే మోసమని మా నాయన మాట. ఇరవై ఏండ్లుగా ఆ మాట దాటలా. ఆ పొద్దు అహోబిలం పోయి, నరసింహస్వామీ, నా ముప్పైతొమ్మిది డబ్బాలూ నువ్వే అమ్మిపెట్టు తండ్రీ అని మొక్కుకోని సాయంత్రానికి బస్సు దిగినా.

దిగి చూస్తే నా షట్టరు బార్లా తెరిచుండాది. మెట్ల మీద టీవీ పెట్టుండాది. దాని చుట్టూ మగ్గాల వీధి జనం, ఆడా మొగా, ఒకటే గోల. మధ్యలో మద్దమ్మ రిమోటు పట్టుకోని కూచునుండాది. నలభై ఏండ్లు మగ్గం నేసిన మనిషి. వేళ్లు మీటల మీద ఆడతాంటే, కాళ్లు కింద మగ్గం పలకలు తొక్కినట్టే నేలను తొక్కుతాండాయి. పక్కన ఆమె మొగుడు వెంకటరాముడు వరసబెట్టి ఓడిపోతా నవ్వుతాండాడు. అంగట్లో నా డబ్బాల మీద సుద్దముక్కతో ఎవురెవురివో పేర్లు.

నాకు తిక్క రేగింది. అమావాస్య పూట ఎవురు తెరవమన్నారు, నా సరుకు మీద ఈ గీతలేంది అని దుర్గ మీద విరుచుకపడినా. మద్దమ్మే రిమోటు కింద పెట్టి నా తట్టు తిరిగింది.

"మేం మగ్గం దిగేది నెలకొగ దినం, అమావాస్య నాడు. ఆ దినమే నువ్వు తలుపేసుకుంటాండావు. ఈ డబ్బాలు ఎవురికి అమ్ముదామని తెచ్చినావప్పా?"

నిజమే. ఊర్లో నేతోళ్లందరికీ సెలవుండే దినాన, ఇరవై ఏండ్లుగా నేను అంగడికి తాళమేస్తాండా.

మరి ఒక్క డబ్బా గూడా కదల్లేదేమని అడిగినా. అమావాస్య నాడు కొత్త సామాను ఎవురన్నా ఇంట్లోకి తెచ్చుకుంటారా, పేర్లు రాయించినాం గదా, తెల్లారినాక వస్తామని వాళ్లే నాకు బుద్ధి చెప్పినారు. ఆడేదానికి అడ్డం రాని అమావాస్య కొనేదానికి అడ్డమొచ్చిందే అని నేను గొణుక్కున్నా. రారులే అనుకున్నా.

తెల్లారి ఆరింటికి అంగడి ముందర వరస కట్టినారు. మగ్గం మీద కూచునేలోపల ఇంటికి చేర్చుకోవాలని వాళ్ల తొందర. అందరికంటే ముందర మద్దమ్మ. దుర్గ పేరు పిలుస్తాంటే నేను ఒక్కోటి చేతికిచ్చినా. ఇస్తాంటే నా కండ్లలో నీళ్లు తిరిగినాయి. ఇరవైమూడు పోయినాయి. మిగిలినవాటికి దసరాలోపల ఇంకో అమావాస్య ఉండాది.

జనం పోయినాక దుర్గను అడిగినా. నన్ను మీయన్న దగ్గరికి పంపాలని నీకూ ఉండాదనుకున్నానే, మరి ఇదంతా ఎందుకు చేసినావని. ఆమె టీవీ వైరు చుట్టుకుంటా, నా మొగం చూడకుండానే చెప్పింది.

"మాయన్న అంతమందిలో ఆ మాటంటే నువ్వు తలొంచుకున్నావు. ఇంగ దినామూ ఆయన ముందర నువ్వట్లే నిలబడితే, అది చూసుకుంటా నేనెట్ల బతికేది?"

ఇన్ని నెలలూ ఒకే ఇంట్లో ఉండి, ఆమెకు ఇంత బాధుండాదని నేను కనుక్కోలేకపోయినా. శానా సిగ్గేసింది. వైరు ఇంకో కొస పట్టుకోని ఆమె పక్కన కూచున్నా.